కప్పుల లెక్కని గ్రాముల్లోకి మార్చడం ఎలా: మీ గ్లాసుకి మీరే రాసుకునే పట్టీ

ఒక వంటకంలో "కప్పు శనగపిండి" అని ఉంటుంది. ఇంకో దాంట్లో "పావుకిలో శనగపిండి" అని ఉంటుంది. రెండూ ఒకటేలే అనుకుని కప్పంటే 250 గ్రాములని లెక్క వేసేసుకుంటారు చాలామంది. నీళ్లకీ పాలకీ ఆ లెక్క కాస్త అటూఇటూగా నడుస్తుంది. శనగపిండి దగ్గర మాత్రం బోల్తా కొడుతుంది. జల్లించిన శనగపిండి కప్పుకి వంద గ్రాములు కూడా తూగకపోవచ్చు. అదే కప్పుతో మెత్తటి ఉప్పు కొలిస్తే 290 గ్రాములకు దగ్గరగా ఉంటుంది. కప్పు చెప్పేది సరుకు ఎంత చోటు పట్టిందో, గ్రాములు చెప్పేది ఎంత బరువు ఉందో. ఈ రెంటికీ మధ్య లంకె సరుకుని బట్టి మారుతుంది కాబట్టి, అన్నిటికీ పనికొచ్చే ఒకే ఒక్క అంకె ఎక్కడా దొరకదు.

ఇంటర్నెట్‌లో పట్టికలు బోలెడు ఉంటాయి. వాటి కప్పు వేరు, వాటి పిండి వేరు. మీరు రోజూ వాడే గ్లాసుతో, మీరు కొనే సరుకుతో, మీ చేతి అలవాటు ప్రకారం కొలిచి రాసుకున్న పట్టీనే నమ్మండి. ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం చేసుకుంటే సరిపోయే పని ఇది.

కావాల్సినవి

ఒక డిజిటల్ కాటా, రోజూ వాడే గ్లాసు, రెండు స్పూన్లు, తలగొట్టడానికి, అంటే గ్లాసు అంచు పైన ఉన్నదాన్ని సమంగా గీసేయడానికి, ఒక చాకు వెనకవైపు, కాగితం, పెన్ను. కాటా ఒక్కో గ్రాము చొప్పున చూపించేదైతే చాలు, ఖరీదైనది అక్కర్లేదు. గిన్నె పెట్టాక అంకెని మళ్లీ సున్నాకి తెచ్చే బటన్ మాత్రం ఉండాలి. దాన్ని టేర్ అంటారు.

కాటా కొత్తదైనా ఒకసారి సరిచూసుకోండి. పది రూపాయల నాణెం బరువు దాదాపు 7.7 గ్రాములు. పది నాణేలు పెడితే 77 గ్రాములు చూపించాలి. ఒక గ్రాము అటూఇటూ అయినా ఫర్వాలేదు. 70 చూపించిందంటే ముందు బ్యాటరీ మార్చి చూడండి. కాటాని మెత్తటి గుడ్డ మీదో, ఎగుడుదిగుడు బండ మీదో పెట్టకండి.

మొదటి అడుగు: మీ గ్లాసులో ఎంత పడుతుందో తెలుసుకోండి

ఖాళీ గ్లాసుని కాటా మీద పెట్టి సున్నా చేయండి. అంచుదాకా నీళ్లు పోయండి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లది. నీళ్లకి ఒక మిల్లీలీటరు ఒక గ్రాము కాబట్టి వంటింటి లెక్కకి ఇంతకంటే సూక్ష్మం అక్కర్లేదు.

బియ్యం డబ్బాలో పడి ఉండే పాత పాలడబ్బానో, స్టీలు గ్లాసునో ఇలా కొలిస్తే కొంచెం ఆశ్చర్యం తప్పదు. ఒకేలా కనిపించే రెండు గ్లాసుల మధ్య ముప్పై నలభై మిల్లీలీటర్ల తేడా ఉంటుంది. అడుగు దళసరిగా ఉన్నా, మూతి కాస్త విచ్చుకున్నా అంతే. అందుకే కొలతకి ఒక్క గ్లాసునే కేటాయించండి. దాని మీద మార్కర్‌తో అంకె రాసిపెట్టుకోండి. దాన్ని మంచినీళ్లకి వాడితే ఎవరో ఒకరు ఎత్తుకెళ్లి ఇంకెక్కడో పెడతారు, ఆపైన వెతుక్కోవాలి.

రెండో అడుగు: ఒక్కో సరుకూ తూచండి

గ్లాసు బాగా ఆరాక కాటా మీద పెట్టి సున్నా చేసి, పప్పు పోసి, చాకు వెనకవైపుతో తలగొట్టి తూచండి. గింజలకి ఇది చాలా తేలిక. కందిపప్పు, బియ్యం, పెసరపప్పు ఎన్నిసార్లు కొలిచినా పెద్దగా మారవు.

పిండి అలా కాదు. మైదా సంచిలో గ్లాసు ముంచి తీస్తే పిండి అదిమినట్టయి ఎక్కువ పడుతుంది. స్పూనుతో వదులుగా పోస్తే తక్కువ పడుతుంది. 240 మిల్లీలీటర్ల కప్పులో వదులుగా పోసిన మైదా 120 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. అదే ముంచి తీస్తే 140, 150 దాకా పోతుంది. రెండు కప్పులు పడే కేకులో ఈ తేడా యాభై గ్రాములకి చేరుతుంది. కేకు గట్టిగా ఇటుకలా వచ్చిందంటే ఓవెన్‌ని తిట్టేముందు పిండి ఎలా కొలిచారో చూసుకోండి.

కాబట్టి పిండిని మీరు మామూలుగా ఎలా తీస్తారో అలాగే తీయండి, పట్టీ కోసమని ప్రత్యేకంగా జాగ్రత్త పడొద్దు. మూడుసార్లు తూచి సగటు రాసుకోండి. గ్లాసుని బల్లకేసి కొట్టే అలవాటుంటే అది కూడా పక్కన రాయండి, కొట్టిన ప్రతిసారీ పిండి దిగిపోతుంది.

మూడో అడుగు: సరుకు అంకె కట్టండి

బరువుని మిల్లీలీటర్లతో భాగిస్తే వచ్చేదే ఆ సరుకు అంకె. బళ్లో సాంద్రత అని చెప్పింది ఇదే. గింజల మధ్యా, పిండి రేణువుల మధ్యా ఉండే గాలి కూడా ఈ లెక్కలో కలుస్తుంది, అంతే తేడా.

మీ గ్లాసు 210 మిల్లీలీటర్లు, అందులో కందిపప్పు 176 గ్రాములు తూగిందనుకోండి. 176ని 210తో భాగిస్తే 0.84. ఇక ఎవరి కప్పైనా ఫర్వాలేదు. వంటకం రాసినవాళ్ల కప్పు 240 మిల్లీలీటర్లైతే 240ని 0.84తో గుణించండి, దాదాపు 202 గ్రాములు. తిరగేసి కూడా ఇలాగే చేయొచ్చు. అరకిలో పప్పు కావాలి, కాటా బ్యాటరీ అయిపోయింది. 500ని 0.84తో భాగిస్తే 595 మిల్లీలీటర్లు. మీ గ్లాసుతో రెండు నిండు గ్లాసులు, మూడోది ముప్పావు కన్నా కాస్త ఎక్కువ.

బరువు కావాలంటే గుణించడం, కొలత కావాలంటే భాగించడం. ఈ ఒక్క ముక్క పట్టీ పైన పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మీ అంకెలు దారి తప్పాయో లేదో పోల్చుకోవడానికి, 240 మిల్లీలీటర్ల కప్పుకి ఉజ్జాయింపుగా ఇవి:

నీళ్లు 240 గ్రాములు
పాలు, పెరుగు 245
నూనె 220, కరిగిన నెయ్యి 217
తేనె 340
పంచదార 200
బియ్యం 190 నుంచి 200
కందిపప్పు, మినపగుండ్లు, పెసరపప్పు 200 చుట్టుపక్కల
బొంబాయి రవ్వ 170
గోధుమపిండి, మైదా 120 నుంచి 130
శనగపిండి 95 నుంచి 120
కారం 105 నుంచి 125
ఆవపిండి 100
మెత్తటి ఉప్పు 290
పచ్చికొబ్బరి కోరు 80 నుంచి 85

బెల్లాన్ని ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. కోరిన బెల్లానికి ఒక బరువు, ముక్కలుగా కొట్టినదానికి ఇంకో బరువు, జిగురుగా ఉండి అదిమితే మరో బరువు. బెల్లాన్ని ఎప్పుడూ తూచే తీసుకోండి. అటుకులు కూడా అంతే. పల్చటివీ దళసరివీ ఒకే గ్లాసులో పోస్తే పొంతన ఉండదు.

ఆవకాయ దగ్గర లెక్క తప్పితే ఏమవుతుంది

కొలతకీ బరువుకీ తేడా కళ్లకి కట్టేది ఆవకాయలో. చాలా ఇళ్లలో చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది: ఆరు గ్లాసుల ముక్కలకి గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు దంచిన కల్లుప్పు. ఇంటికో పాళ్లు ఉంటాయి, మీ ఇంటి పాళ్లు వేరైతే వాటినే పెట్టుకోండి. లెక్క తీరు అదే.

ఇవన్నీ కొలతలే. 240 మిల్లీలీటర్ల గ్లాసుతో తూస్తే కారం 115 గ్రాములు, ఆవపిండి వంద ఉంటాయి. దంచిన కల్లుప్పు గ్లాసుకి 220 తూగిందనుకుంటే ముప్పావు గ్లాసు 165 గ్రాములు. అంటే కొలతలో కారం కంటే తక్కువ కనిపించిన ఉప్పు బరువులో కారాన్ని దాటిపోయింది.

ఇప్పుడు ఎవరో ఈ పాళ్లనే బరువు పాళ్లనుకున్నారు. కారం 115 గ్రాములు తూచి, అందులో ముప్పావు వంతు కదా అని ఉప్పు 86 గ్రాములు వేశారు. పడాల్సిన ఉప్పులో సగమే పడింది. అలాంటి ఆవకాయ మూడో రోజున రుచి చూస్తే చప్పగా ఉంటుంది. అప్పుడు పట్టుకుంటే ఉప్పు కలిపి సరిచేయొచ్చు. చూసుకోకుండా జాడీ అటక ఎక్కిస్తే వానాకాలానికి బూజు పడుతుంది.

రెండో ప్రమాదం దీనికి తలకిందులు. కల్లుప్పు దొరక్క ప్యాకెట్ ఉప్పుని అదే ముప్పావు గ్లాసు కొలిచి వేస్తారు. మెత్తటి ఉప్పులో సందులు తక్కువ, గ్లాసులో ఎక్కువ పడుతుంది. ముప్పావు గ్లాసు 217 గ్రాములు దాటుతుంది. అంటే యాభై గ్రాముల ఉప్పు అదనం. ఆ ఆవకాయని ముద్దపప్పులో కలుపుకున్నా నోట్లో పెట్టలేం.

అందుకని ఊరగాయల్లో ఉప్పుని మాత్రం గ్రాముల్లోనే రాసుకోండి. మీ అమ్మగారో అత్తగారో ఈసారి ఆవకాయ పెడుతుంటే వాళ్ల చేతికి అడ్డు పడకుండా, కొలిచిన ఉప్పు గిన్నెని కలిపేముందు ఒక్క నిమిషం కాటా మీద పెట్టండి. ముక్కల్ని కూడా తూచండి. కాయ సైజునీ ముక్క సైజునీ బట్టి గ్లాసులో ముక్కలు మారిపోతాయి, బరువు మారదు. కిలో ముక్కలకి ఇంత ఉప్పు అని ఒకసారి తేలాక, వచ్చే ఏడాది మూడు కిలోలు పెట్టినా పాతిక కిలోలు పెట్టినా లెక్క చెదరదు.

"ఒకటికి రెండు" అంటే దేంట్లో?

మన వంటల్లో సగం ఈ భాషలోనే ఉంటాయి. ఒకటికి రెండు నీళ్లు, ఒకటికి రెండు రవ్వ, ఒకటికి రెండు పంచదార. ఎక్కడా చెప్పకపోతే అది కొలతే. కాటా చేతికొచ్చింది కదా అని బరువుల్లోకి నేరుగా దించకండి.

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు పోస్తారు. 240 మిల్లీలీటర్ల గ్లాసైతే బియ్యం 200 గ్రాములు, నీళ్లు 480. బరువులో ఇది ఒకటికి 2.4. కాటా మీద ఒకటికి రెండు అని 200కి 400 పోస్తే అన్నం పలుకు మీద ఉంటుంది.

మైసూరు పాకులో తేడా ఇంకా పెద్దది. కప్పు శనగపిండి, రెండు కప్పుల పంచదార, రెండు కప్పుల నెయ్యి అనే పాళ్లని పావుకిలో పిండికి చేయాలనుకుందాం. కప్పు పిండి వంద గ్రాములైతే పావుకిలో అంటే రెండున్నర కప్పులు. పంచదార ఐదు కప్పులు, అంటే కిలో. నెయ్యి ఐదు కప్పులు, అంటే కిలోకి పైనే. బరువులో ఒకటికి రెండు అనుకుని అరకిలో పంచదార పోసినవాళ్లకి పాకులో పిండి ముద్ద తప్ప ఏమీ మిగలదు.

ఇడ్లీకి మినపగుండ్లూ బియ్యమూ అయితే టెన్షన్ లేదు. రెండూ గ్లాసుకి ఇంచుమించు ఒకే బరువు కాబట్టి కొలిచినా తూచినా పాళ్లు మారవు. ఇడ్లీ రవ్వ వాడేవాళ్లు మాత్రం ఆ రవ్వ బరువు విడిగా చూసుకోవాలి. ఇంకో మాట: పప్పయినా బియ్యమైనా నానబెట్టకముందే కొలవాలి. నానాక నీళ్ల బరువు కలుస్తుంది. అరిసెలకి ఆడించిన తడిపిండి కూడా ఇంతే. తడిపిండి కిలోలో బియ్యం కిలో ఉండదు, అందుకే అరిసెల పాళ్లని బియ్యం బరువుతో రాసుకుంటే మేలు.

అమ్మమ్మ నోటుపుస్తకంలో సోలలూ వీశెలూ

పాత కొలతల వరస ఇది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. వరస అంతటా ఇంచుమించు ఇదే అయినా కొలపాత్ర సైజు ఊరిని బట్టి మారేది. కాబట్టి సోలంటే ఇన్ని మిల్లీలీటర్లని ఎవరైనా ఖాయంగా చెబితే వెంటనే రాసేసుకోకండి. ఇంట్లో ఆ ఇత్తడి సోలో, ఇనప మానికో ఉంటే తీసి తోమి, మొదటి అడుగులో చెప్పినట్టు నీళ్లు పోసి తూచండి. అది మీ ఇంటి సోల, ఆ నోటుపుస్తకంలో ఉన్నదీ అదే.

కొలిచే తీరు కూడా అడగండి. బియ్యం, పప్పులు గోపురంగా పోసి కొలిచేవాళ్లున్నారు, తలగొట్టి కొలిచేవాళ్లున్నారు. మూతి వెడల్పు ఉన్న పాత్రలో గోపురం మీద పడేది తక్కువేం కాదు.

బరువుల సంగతి కొంచెం నయం. తులం 11.66 గ్రాములు. బంగారం కొట్లో ఇప్పుడు పది గ్రాముల్ని తులం అంటున్నారు, దాన్ని వంటల్లోకి తేవద్దు. వీశె అంటే 120 తులాలు, దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. చిక్కల్లా శేరుతోనే. 80 తులాల శేరు 933 గ్రాములు. వీశెలో ఐదో వంతుగా లెక్కించే 24 తులాల శేరు 280 గ్రాములే. మూడు రెట్ల పైచిలుకు తేడా. "శేరు నువ్వులకి అరశేరు బెల్లం" అని ఉంటే ఏ శేరైనా నష్టం లేదు, పాళ్లే కదా. "శేరు పిండికి రెండు కోడిగుడ్లు" లాంటిది కనిపిస్తే మాత్రం రెండు లెక్కలూ వేసి ఏది నమ్మేలా ఉందో చూడండి. మనదేశంలో మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చి, 1962 నాటికి కిలోలు తప్పనిసరయ్యాయి. అయినా ఇళ్లలో పాత మాటలు ఆ తర్వాత చాలాకాలం నడిచాయి. కాబట్టి పుస్తకం మీద తేదీ చూసి నిర్ణయానికి రాలేం.

విదేశాల్లో ఉన్నవాళ్లకి

అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు, లెక్కకి 240 అనుకుంటారు. ఆస్ట్రేలియా కప్పు 250. టేబుల్ స్పూను అమెరికాలో 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు ఈ రెండిట్లో ఏదీ కాదు, అది 180. అందులో బియ్యం 150 గ్రాముల దాకా పడతాయి. కుక్కర్ గిన్నె లోపలి గీతలు ఆ కప్పుకే సరిపోతాయి, కప్పు పోతే గీతలూ పనికిరానట్టే. పోయిందంటే 150 గ్రాముల చొప్పున తూచుకోండి.

ఔన్సు చూస్తే ఆగి చదవండి. బరువు ఔన్సు 28.35 గ్రాములు. ద్రవాల ఔన్సు అమెరికాలో 29.6 మిల్లీలీటర్లు. పాలకి తేడా కనిపించదు, తేనె లాంటి వాటికి కనిపిస్తుంది. అమెరికా వంటకాల్లో వెన్న "స్టిక్" అంటే 113 గ్రాములు.

స్పూన్ల సంగతి

ఇంట్లో ఉన్న టీ స్పూను అయిదు మిల్లీలీటర్లది కావాలని లేదు. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు తీసుకోండి. దాని మీద 5, 10 గీతలుంటాయి. స్పూనుతో నీళ్లు రెండుసార్లు పోసి పది గీతకి చేరిందో లేదో చూడండి. చేరకపోతే మీ స్పూను చిన్నది.

అయిదు మిల్లీలీటర్ల స్పూను తలగొట్టి కొలిస్తే మెత్తటి ఉప్పు 6 గ్రాములు, పంచదార 4, పసుపు 3, కారం రెండున్నర, జీలకర్ర 2, నూనె నాలుగున్నర. వీటిని మామూలు కాటా మీద ఒక్కో స్పూనుగా తూచకండి. అయిదు గ్రాముల లోపు చాలా కాటాలు తడబడతాయి. నెమ్మదిగా చిటికెడు చిటికెడుగా వేస్తే కొన్ని కాటాలు అసలు కదలవు, సున్నా దగ్గరే కూర్చుంటాయి. పది స్పూన్లు ఒకేసారి గిన్నెలో వేసి తూచి పదితో భాగించండి.

పోపు గింజలూ ఇంగువా మాత్రం చేతి కొలతతోనే కానివ్వండి. పావు స్పూను ఆవాలు ఎక్కువైతే కూర చెడదు.

పట్టీ పూర్తయ్యాక వంటింటి అల్మరా తలుపు లోపలివైపు అతికించండి. సరుకు పేరు, మీ గ్లాసుకి ఎన్ని గ్రాములు, సరుకు అంకె, మూడు గళ్లు చాలు. పిండి మర మార్చినా, ప్యాకెట్ నుంచి విడి పిండికి మారినా ఆ వరస మళ్లీ తూచి దిద్దుకోండి. బియ్యం, పప్పుల వరసల్ని ఏళ్ల తరబడి ముట్టుకోనక్కర్లేదు.